పాత జెన్‌కి సెంటర్ లాక్, అలారం: బెజవాడలో ఎవరైనా చేయించారా?

జెన్_సత్యనారాయణపురం
అందరికీ నమస్కారం. మాది 2002 మోడల్ మారుతి జెన్, పెట్రోల్, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ చూసుకునే పెట్రోల్ ఇంజెక్షన్). నాన్నగారు కొన్న బండి. ఇంజిన్ ఇప్పటికీ గట్టిగానే ఉంది, అమ్మే ఉద్దేశం లేదు. సెంటర్ లాక్ లేని మోడల్ కాబట్టి నాలుగు తలుపులూ చేత్తోనే వేసుకోవాలి. అమ్మ వెనక సీట్లోంచి దిగేటప్పుడు నాబ్ నొక్కడం మర్చిపోతుంది. దిగిన ప్రతిసారీ నేను బండి చుట్టూ తిరిగి చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాకు చోటు లేదు, బండి రాత్రంతా రోడ్డు మీదే ఉంటుంది. ఈ మధ్య మా వీధిలోనే ఒక పాత కారులోంచి స్టీరియో, స్టెప్నీ పట్టుకుపోయారు. అద్దం పగలగొట్టే పని కూడా పడలేదు, వెనక తలుపు లాక్ పడలేదట. అప్పటినుంచి ఇంట్లో అందరికీ అదే దిగులు.

బందరు రోడ్డు వైపు ఒక షాపులో అడిగితే "రెండు గంటల్లో అయిపోతుంది సార్, ఇంజిన్ కటాఫ్ కూడా పెట్టేస్తాం" అన్నారు, అంటే అలారం లాక్‌లో ఉంటే ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు. బండి ఒరిజినల్ వైరింగ్ మీద ఇంతవరకు ఎవరూ చెయ్యి పెట్టలేదు. దాన్ని కోస్తారంటేనే నాకు టెన్షన్‌గా ఉంది. ఇంత పాత బండికి ఈ పని చేయించుకోవచ్చా? బ్యాటరీ దిగిపోతుందా? ఇంజిన్ కటాఫ్ అవసరమా? చేయించినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక_800
నిక్షేపంగా చేయించుకోండి. మా 800కి పెట్టించి చాలా ఏళ్లయింది, ఇప్పటికీ పనిచేస్తోంది. కాకపోతే గేర్ లాక్ కూడా వేయించండి. అలారం మోగితే దొంగ భయపడొచ్చు, పడకపోవచ్చు. గేర్ లాక్‌తో మాత్రం కుస్తీ పట్టాల్సిందే.

ఆటోనగర్_వైర్‌మ్యాన్
జెన్ గారూ, నేను జవహర్ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తానండి. మీరు కిట్ ఏది కొనాలా అని చూసేముందు మీ తలుపులు చూడండి.

ఒక్కో తలుపు నాబ్‌ని ఒక్క వేలితో పైకి లాగి, కిందకి నొక్కండి. వేలికి బరువు తగిలితే ఆ తలుపుకి మోటారు పెట్టి లాభం లేదు. కిట్‌లో వచ్చే మోటారు చిన్నది, లోపలి పళ్ల చక్రాలు చాలావాటిలో ప్లాస్టిక్‌వే. దానికి కరెంటు అందేది అర సెకను, మహా అయితే ముప్పావు సెకను. అంతలోనే అది రాడ్‌ని సుమారు రెండు సెంటీమీటర్లు కదపాలి. ఇరవై ఏళ్ల దుమ్ము, ఎండిపోయిన గ్రీజు ఉన్న లాక్‌ని అది కదపలేదు. మొదట్లో ఎలాగో లాగుతుంది, కొన్నాళ్లకు పళ్లు అరిగి ‘టక్’ అనాల్సింది ‘గిర్ర్’ అంటుంది. అప్పుడు జనం కిట్‌ని తిడతారు. తప్పు లాక్‌ది.

అందుకని డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు అట్ట) ఊడదీసినప్పుడే లాక్‌ని శుభ్రం చేయించి, కదిలే చోటల్లా కొత్త గ్రీజు పెట్టించండి. ప్యాడ్ తియ్యాలంటే ముందు అద్దం తిప్పే హ్యాండిల్ రావాలి. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో చిన్న స్ప్రింగు క్లిప్ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అది ఎగిరి ఎక్కడో పడుతుంది, ప్యాడ్ చిరుగుతుంది. హ్యాండిల్ వెనక సన్నటి గుడ్డ పీలిక దూర్చి, అటూ ఇటూ లాగితే క్లిప్ దానంతటదే బయటికొస్తుంది. పనివాడు ఈ క్లిప్ తీసే తీరు చూస్తేనే అతని చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది.

ప్యాడ్ వెనక తలుపుకి ఒక ప్లాస్టిక్ షీట్ అతికించి ఉంటుంది. తొందరలో దాన్ని చింపి పారేసేవాళ్లు ఉన్నారు. అద్దం మీద పడ్డ వాన నీళ్లు తలుపు లోపలికి దిగి, అడుగు చిల్లుల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు ప్యాడ్‌ని తాకకుండా ఆపేది ఈ షీటే. అది లేకపోతే రెండు వానాకాలాల్లో ప్యాడ్ అట్ట ఉబ్బిపోతుంది. షీట్ తిరిగి అతికించమని ముందే చెప్పండి.

జెన్_సత్యనారాయణపురం
ధన్యవాదాలండీ. ఇప్పుడే కిందకి వెళ్లి చూశాను. ముందు రెండూ తేలిగ్గానే ఉన్నాయి. వెనక ఎడమవైపుది బాగా బిగుసుకుపోయింది, రెండు వేళ్లతో లాగితే గానీ రాలేదు. అమ్మ ఎప్పుడూ అటువైపే దిగుతుంది, నొక్కడం కష్టమై వదిలేస్తోందేమో. వైర్లు తలుపులోకి ఎలా తీసుకెళ్తారు? బాడీకి చిల్లు పెడతారా?

ఆటోనగర్_వైర్‌మ్యాన్
తలుపులో స్పీకర్ వైరు పోయే రబ్బరు గొట్టం ఉంటే దాంట్లోంచే తీసుకెళ్లొచ్చు. లేకపోతే చిల్లు పెట్టక తప్పదు. పెట్టిన ప్రతి చిల్లు అంచుకీ రెడాక్సైడ్ గానీ ప్రైమర్ గానీ పూసి, రబ్బరు గ్రోమెట్ (చిల్లు అంచుకి తొడిగే రింగు) వెయ్యాలి. గ్రోమెట్ లేకుండా వైరు లాగితే రేకు అంచు రోజూ దాన్ని కోస్తూ ఉంటుంది. పిల్లర్‌లో చిల్లు, తలుపులో చిల్లు ఒకే ఎత్తులో ఉండకూడదు. ఒకటి కొంచెం పైన, ఒకటి కొంచెం కింద ఉంటే తలుపు మూసినప్పుడు వైరు మడత పడకుండా మెలి తిరుగుతుంది. ఒకేచోట మడత పడే వైరు లోపల రాగి తెగిపోతుంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ తెగిందో వెతకడం నరకం.

డ్రైవర్ తలుపు మోటారుకి 5 వైర్లు, మిగతా మూడింటికి రెండేసి ఉంటాయి. డ్రైవర్ మోటారులో అదనంగా స్విచ్ ఉంటుంది, మిగతా 3 వైర్లు దానివే. తాళంచెవి తిప్పినా నాలుగు తలుపులూ పడతాయి. రిమోట్ పాడైన రోజు ఇదే మిమ్మల్ని కాపాడుతుంది. కొంతమంది డబ్బు మిగులుతుందని డ్రైవర్ తలుపుకి కూడా రెండు వైర్ల మోటారు పెట్టేస్తారు, ఒప్పుకోకండి.

జాయింట్ల సంగతి. మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టడం మన ఊరి ఎండకి పనికిరాదు. మే నెలలో డాష్‌బోర్డ్ కింద ఆ టేపు జిగురు కారి, ఊడి వేలాడుతుంది. సోల్డరింగ్ చేసి, వేడి పెడితే బిగుసుకునే స్లీవ్ వెయ్యాలి. బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ వైరుకి ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గర్లో ఉండాలి. అలారం బాక్సు దగ్గర పెడితే మధ్యలో వైరు రేకుకి తగిలినప్పుడు ఫ్యూజ్ దాన్ని ఆపలేదు. ఎర్త్ వైరుని పెయింట్ గీకి, మెరిసే రేకు మీద బోల్టుతో బిగించాలి. అలారాల పిచ్చి వేషాల్లో ఎన్నో ఎర్త్ సరిగా లేకే వస్తాయి.

ఇంకొకటి, మీది ఎంపీఎఫ్ఐ. ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) పోయే వైర్లలో బల్బు టెస్టర్ గుచ్చనివ్వకండి. మల్టీమీటర్ ఉన్నవాడి దగ్గరికే వెళ్లండి.

గుంటూరు_ఎస్టీమ్
బ్యాటరీ గురించి నేను చెప్తాను. మాది బ్రాడీపేట. ఎస్టీమ్‌కి అలారం ఉంది, నేను ఉద్యోగం మీద తరచూ ఊళ్లో ఉండను కాబట్టి ఈ లెక్క బాగా ఒంటబట్టింది. అలారం లాక్‌లో ఉన్నప్పుడు ఎంతోకొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది, ఎల్‌ఈడీ మిణుకుమనాలి కదా. 25 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. రోజుకి 0.6 ఆంపియర్ అవర్. 20 రోజులు కదపకపోతే 12. మన చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. అంటే మూడో వంతు పోయినట్టే. కొత్త బ్యాటరీ అయితే అప్పటికీ సెల్ఫ్ కొడుతుంది, మూడేళ్లు వాడింది అయితే ‘కట్ కట్’ మని ఆగిపోతుంది.

అలారం పెట్టించాక మీటర్‌తో కొలిపించండి. నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, బ్యాటరీకి కేబుల్‌కి మధ్యన మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, తలుపులన్నీ మూసి, అలారం లాక్ చేసి, కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. స్టీరియో, గడియారంతో కలిపి 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే పర్వాలేదు. మీటర్ మధ్యలో ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటర్ కాలిపోతుంది.

తాడేపల్లి_ఓమ్నీ
ఇంజిన్ కటాఫ్ తప్పకుండా పెట్టించండి. అది కూడా సెల్ఫ్ కట్ కాదు, పెట్రోల్ పంపు కట్. సెల్ఫ్ ఒక్కటే ఆపితే ఇద్దరు మనుషులు తోసి సెకండ్ గేర్‌లో స్టార్ట్ చేసుకుపోతారు. రోడ్డు మీద పెట్టే బండికి అది చాలదు.

ఆటోనగర్_వైర్‌మ్యాన్
ఓమ్నీ గారూ, మీరు చెప్పింది నిజమే, తోసి స్టార్ట్ చెయ్యొచ్చు. కానీ ఇంకోవైపు చూడండి. సెల్ఫ్ కొట్టే ఆ రెండు సెకన్లే సెల్ఫ్ రిలేతో (లైన్‌ని కలిపి, తెంపే కరెంటు స్విచ్‌తో) పని. పంపు లైన్‌లో పెట్టిన రిలే, బండి నడిచినంతసేపూ కరెంటు మోస్తూనే ఉంటుంది. చవక రిలే కాంటాక్టు కాలినా, సాకెట్ వదులైనా బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద, వెనకాల లారీ ఉండగా ఇంజిన్ ఆగిపోతే ఏమవుతుందో ఊహించండి. దొంగతనం ఆపడానికి పెట్టింది ప్రాణం మీదకు తేకూడదు.

పంపే కట్ చెయ్యాలంటే అలారం లాక్‌లో ఉన్నప్పుడు మాత్రమే రిలే పనిచేసేలా కలపాలి. రిలే అడుగున 30, 85, 86, 87, 87ఏ అని నంబర్లు ఉంటాయి. 30, 87ఏ పిన్నుల మీదుగా లైన్ తీసుకెళ్తే, రిలేకి కరెంటు లేకపోయినా లైన్ కలిసే ఉంటుంది. అలారం బాక్సు చచ్చిపోయినా బండి నడుస్తుంది. 87 మీద కలిపితే బాక్సు చావగానే బండి కూడా చచ్చిపోతుంది. పని అయ్యాక అలారం ఫ్యూజ్ ఊడదీసి బండి స్టార్ట్ చేసి చూపించమని అడగండి. స్టార్ట్ అయితే సరిగా కలిపారన్నమాట.

తాడేపల్లి_ఓమ్నీ
87ఏ సంగతి ఒప్పుకుంటాను, అలాగే కలపాలి. అయినా మంచి రిలే, మంచి సాకెట్ వేస్తే పంపు కట్‌కి భయపడక్కర్లేదని నా అభిప్రాయం. మా ఓమ్నీ అలాగే నడుస్తోంది.

కృష్ణలంక_800
మా 800 కార్బురేటర్ బండి, దానికి ఎలక్ట్రిక్ పంపే లేదు. సెల్ఫ్ కట్, గేర్ లాక్ కలిపి పెట్టుకున్నాం. గేర్ లాక్ రివర్స్‌లో వేసి ఉంచితే తోసినా పోదు. జెన్ గారికి కూడా అదే చాలనుకుంటాను.

కానూరు_వ్యాగనార్
ఎవరూ పిల్లల సంగతి ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను. చాలా కిట్లలో అలారం తీశాక అర నిమిషంలో తలుపు తెరవకపోతే మళ్లీ దానంతటదే లాక్ అయ్యే సదుపాయం ఉంటుంది. జేబులో పొరపాటున బటన్ నొక్కుకుపోతే బండి తెరిచి ఉండిపోకూడదని పెట్టారు. కానీ అందులో ప్రమాదం ఉంది. పెద్దవాళ్లు సామాను దించుతూ ఉంటారు, బాబు లోపల ఉంటాడు, తాళాలు సీటు మీద ఉంటాయి, తలుపులు పడిపోతాయి. మన ఎండలో మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా చాలా త్వరగా వేడెక్కుతుంది.

ఆ సదుపాయాన్ని ఆపే వీలుంటే ఆపించండి. రెండో తాళంచెవి ఇంట్లోనే అందరికీ తెలిసిన చోట ఉంచండి. లోపలి నాబ్ చేత్తో లాగితే తలుపు తెరుచుకుంటుందో లేదో ప్రతి తలుపుకీ చూడండి. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి హ్యాండిల్ పనిచెయ్యదు, అదీ గుర్తుంచుకోండి. మా అక్కవాళ్లింట్లో ఒకసారి క్వార్టర్ గ్లాసు పగలగొట్టాల్సి వచ్చింది. పాపకి ఏమీ కాలేదు, కానీ ఆ భయం ఇంకా పోలేదు.

ఆటోనగర్_వైర్‌మ్యాన్
చాలా మంచి మాట చెప్పారమ్మా. కొన్నింటిలో ఆ సదుపాయాన్ని రిమోట్‌తోనే ఆపొచ్చు, కొన్నింటిలో కుదరదు. కొనేముందే అడగాలి.

సింగ్‌నగర్_శాంట్రో
2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి మా శాంట్రో సీట్ల దాకా మునిగింది. ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించి, లోపలంతా కడిగించి నడిపిస్తున్నాం. అలారం బాక్సుని ఫిట్ చేసినవాళ్లు డ్రైవర్ కాళ్ల దగ్గర, కింద సైడు ప్యానెల్‌లో పెట్టారు. అదే ముందు పోయింది. నీళ్లు తీశాక కూడా రోజుల తరబడి దానంతటదే ఇండికేటర్లు వెలిగి, సైరన్ మోగేది. ప్లగ్ తీసి చూస్తే పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

బాక్సుని డాష్‌బోర్డ్ కింద ఎంత పైకి కుదిరితే అంత పైకి, ప్లగ్ కిందికి ఉండేలా పెట్టించండి. వరద వరకూ ఎందుకు, ముందు అద్దం రబ్బరు కారినా నీళ్లు అక్కడికే దిగుతాయి. సైరన్ నోరు కూడా కిందికి తిప్పి ఉండాలి, పైకి ఉంటే బండి కడిగినప్పుడల్లా నీళ్లు నిలుస్తాయి.

పాలసీ_మిత్ర
ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరం పెట్టిస్తే ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల తగ్గింపు పాత మోటార్ టారిఫ్‌లో ఉండేది. సర్టిఫికెట్ చూపించాల్సి వచ్చేది. అయితే ఇంత పాత బండ్లకి చాలామంది థర్డ్ పార్టీ ఒక్కటే కడతారు. అందులో ఈ తగ్గింపు రాదు, బండి పోయినా పైసా రాదు. మీది థర్డ్ పార్టీ అయితే బండిని కాపాడుకునే భారం మొత్తం మీదే.

జెన్_సత్యనారాయణపురం
మాది థర్డ్ పార్టీనే అండీ. రిమోట్ కోడ్ దొంగిలిస్తారని విన్నాను, నిజమేనా?

గుంటూరు_ఎస్టీమ్
కోడ్ మారని చవక రిమోట్లతో ఆ భయం ఉంది. మీరు నొక్కినప్పుడు గాల్లోకి వెళ్లిన సంకేతాన్ని పట్టుకుని, తర్వాత అదే వదిలితే తలుపు తెరుచుకుంటుంది. రోలింగ్ కోడ్ ఉన్నవాటిలో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది కాబట్టి పాతది మళ్లీ వదిలినా బాక్సు తీసుకోదు. పెట్టె మీద రోలింగ్ కోడ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. నాలుగు రాళ్లు ఎక్కువైనా ఇక్కడ బేరం వద్దు.

జెన్_సత్యనారాయణపురం
పని అయిపోయింది. రెండు గంటల్లో కాదు, పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చారు. ఆటోనగర్‌లోనే చేయించి, దగ్గరే ఉండి చూశాను.

వెనక ఎడమ తలుపు లాక్ బయటికి తీస్తే గ్రీజు నల్లటి తారులా గడ్డకట్టి ఉంది. పెట్రోల్‌తో కడిగి, కొత్త గ్రీజు పెట్టాక నాబ్ చిటికెన వేలితో కదిలింది. మోటార్లన్నీ బిగించి మొదటిసారి బటన్ నొక్కితే మూడు తలుపులు పడ్డాయి, ముందు ఎడమది మాత్రం తెరుచుకుంది. మళ్లీ నొక్కితే మూడూ తెరుచుకుని అది పడింది. నేను కంగారుపడ్డాను గానీ మేస్త్రీ ఆ మోటారు రెండు వైర్లూ అటుదిటు, ఇటుదటు మార్చారు, సరిపోయింది. ప్యాడ్ బిగించేముందు నాలుగు అద్దాలూ పూర్తిగా దించి చూశారు. కుడివైపు వెనక అద్దం లాక్ మోటారు రాడ్‌కి తగులుతుంటే బ్రాకెట్ కాస్త జరిపారు.

సెల్ఫ్ కట్ పెట్టించాను, 87ఏ మీదే. ఫ్యూజ్ తీసి స్టార్ట్ చేసి చూపించమంటే చూపించారు. గేర్ లాక్ కూడా వేయించాను. మీటర్‌లో 31 మిల్లీ ఆంపియర్లు చూపించింది.

ఒకటే సమస్య. రాత్రి బీఆర్‌టీఎస్ రోడ్డు వైపు నుంచి బరువు లారీ వెళ్లినా, పక్కన బుల్లెట్ స్టార్ట్ చేసినా సైరన్ మోగుతోంది. పక్కింటివాళ్లు ఇంకా ఏమీ అనలేదు, అనేలోపు సరిచెయ్యాలి.

ఆటోనగర్_వైర్‌మ్యాన్
షాక్ సెన్సార్ (బండి అదిరితే అలారం మోగించేది) మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తగ్గించే వైపు కొద్దికొద్దిగా తిప్పండి. తిప్పిన ప్రతిసారీ అలారం లాక్ చేసి, ఒక నిమిషం ఆగి, బండి పైకప్పు మీద అరచేత్తో కొట్టి చూడండి. అరచేతి దెబ్బకి మోగకూడదు, అద్దం మీద పిడికిలితో గట్టిగా కొడితే మోగాలి. సెన్సార్‌ని డబుల్ టేప్‌తో అతికించి ఉంటే రెండు స్క్రూలతో బిగించమనండి, ఎండకి టేపు వదిలితే అది ఊగుతూ అనవసరంగా మోగుతుంది.

వెనక తలుపులు తెరిస్తే లోపలి లైటు వెలుగుతోందా? వెలగకపోతే వాటికి స్విచ్ లేదన్నమాట. అప్పుడు లాక్‌లో ఉండగా వెనక తలుపు తెరిచినా అలారానికి తెలియదు. స్విచ్‌లు పెట్టించి లైన్‌లో కలిపించండి. బానెట్‌కి కూడా ఒకటి వేయించండి. బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు ఊడదీస్తే సైరన్ నోరు మూసేసినట్టే.

జెన్_సత్యనారాయణపురం
వెనక తలుపులకు లైటు వెలగట్లేదు! రేపే తీసుకెళ్తాను. స్క్రూ తిప్పాను, ఇప్పుడు లారీలకి మోగట్లేదు. అమ్మ రిమోట్ నొక్కడం నేర్చుకుంది. మొన్న ఇంద్రకీలాద్రి వెళ్లొచ్చినప్పుడు తనే లాక్ చేసి, నాలుగు నాబ్‌లూ పడ్డాయో లేదో అద్దంలోంచి చూసి మరీ వచ్చింది.

గుంటూరు_ఎస్టీమ్
వైర్‌మ్యాన్ గారూ, మా ఎస్టీమ్ రిమోట్ ఒకటి దగ్గరికి వెళ్తే గానీ పనిచెయ్యట్లేదు. సెల్ 27ఏ, 12 వోల్టులది, కొత్తది వేసినా అంతే. ఆదివారం తీసుకొస్తే చూస్తారా?

ఆటోనగర్_వైర్‌మ్యాన్
ఆదివారం షాపు తియ్యనండి, శనివారం పొద్దున్నే రండి. బాక్సు నుంచి వచ్చే యాంటెనా వైరు డాష్‌బోర్డ్ లోపల చుట్టచుట్టుకుని ఉందేమో చూడాలి, దాన్ని విప్పి నిలువుగా పెడితే చాలాసార్లు దూరం పెరుగుతుంది. దానికీ రాకపోతే కొత్త రిమోట్ నేర్పిద్దాం. ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ వెంట తీసుకురండి. కొన్ని బాక్సులు కొత్తది నేర్పేటప్పుడు పాతవాటిని మర్చిపోతాయి, అన్నీ ఒకేసారి నేర్పాలి.